నింపకుండా ఉంచిన మచ్చ

మా అత్తకి కళ్ళు కనపడవు. ఊళ్ళో స్ఫోటకం తిరిగిన ఏడాది, ఆరేళ్ళ కూతురి పక్కనే పడుకుని వేపమండలతో విసురుతూ విసురుతూ తనూ తెచ్చుకుంది. కూతురు బతికింది, ముఖం నిండా మచ్చలతో. తల్లీ బతికింది, రెండు కళ్ళూ పోగొట్టుకుని. ఆ కూతురే నా భార్య.

ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, లేకపోతే నేను చేసిన పని ఎంత పాడుపనో అర్థం కాదు. మా అత్త కూతుర్ని గొంతుని బట్టే పోల్చుకునేది, అందులో వింతేమీ లేదు. కానీ పోల్చుకుని ఊరుకునేది కాదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి "అమ్మా" అనగానే రెండు చేతులూ ముందుకు చాపేది. ఈవిడ వెళ్ళి ఎదురుగా చతికిలబడేది. ఆ పది వేళ్ళూ నుదుటి దగ్గర మొదలుపెట్టి, కనుబొమ్మలు, చెంపలు, గడ్డం దాకా నెమ్మదిగా దిగేవి. ఒక్కో మచ్చ దగ్గర ఒక్క క్షణం ఆగేవి. అంతా అయ్యాక "బాగున్నావేటి తల్లీ" అనేది. అప్పుడుగానీ కూతురు వచ్చినట్టు కాదు ఆవిడకి. ఆరేళ్ళ పిల్ల ముఖం తప్ప ఎదిగిన ముఖం ఆవిడ చూడలేదు. ఆవిడకి తెలిసిన కూతురి ముఖమంటే ఆ మచ్చలే.

పెళ్ళైన వారానికే నాకు ఇదంతా తెలుసు. తెలిసే చేశాను.

నేను డెబ్బైల మొదట్లో శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చాను. పెద్ద ఉక్కు కంపెనీలో ఉద్యోగం వస్తుందని వచ్చి, గమ్హరియాలో ఒక చిన్న ఫౌండ్రీలో కాంట్రాక్టు కింద తేలాను. అక్కడ తొమ్మిదేళ్ళు. పోత పోసిన ఇనుప సామాను మీద ఒక్కోసారి చిన్న చిన్న గుంటలు పడతాయి, లోపల గాలి చిక్కుకుంటే. బ్లో హోల్స్ అంటారు. నిజానికి ఆ సరుకు మళ్ళీ కరిగించి పోయాలి. మా ఫోర్‌మన్ అంత శ్రమ పెట్టుకునేవాడు కాదు. "భర్ దో, రంగ్ మార్ దో" అనేవాడు, నింపెయ్యి, రంగు కొట్టెయ్యి అని. ఇనపరజను కలిపిన పుట్టీని ఆ గుంటల్లో కూరి, ఆరాక రుద్ది, పైన రంగు వేసేవాళ్ళం. చూడ్డానికి అద్దంలా ఉండేది. ఇన్‌స్పెక్టర్లలో మంచివాళ్ళు చేతిలో చిన్న సుత్తి పట్టుకుని వచ్చి కొట్టి చూసేవాళ్ళు. నింపిన చోట మోత మొద్దుగా వస్తుంది. అలా తిరగ్గొట్టిన సరుకు నేను మోసిన రోజులు చాలా ఉన్నాయి. అంటే నింపడం అంటే ఏమిటో ఈ భూమ్మీద నాకు తెలిసినంత బాగా ఎవడికీ తెలియదన్నమాట. అయినా ఆ తెలివి ఇంటిదాకా రాలేదు.

మా ఆవిడ ముఖం గురించి మొదట్లో నాకు పట్టింపు లేదు. ఉన్నది అద్దె గది, తిరిగేది కూలీల మధ్య. ఎవరి ముఖం ఎవరు చూశారు? ఆవిడకీ పట్టింపు లేదు. అవి అమ్మవారి మచ్చలనీ, ఆ తల్లి తీసుకెళ్ళకుండా ముద్ర వేసి వదిలేసిందనీ వాళ్ళమ్మ చెప్పేది, ఈవిడ నమ్మేది. పౌడరు రాసుకునేటప్పుడు మచ్చల్లో తెల్లగా ఇరుక్కుంటే తనే నవ్వేసేది. "సూడండి, ముగ్గేసినట్టుంది" అనేది.

నేను కంపెనీ ఫౌండ్రీలో పర్మనెంట్ అయ్యాక బుర్ర తిరిగింది. పర్మనెంట్ అన్న మాటకి జంషెడ్‌పూర్‌లో ఉన్న విలువ బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. పర్మనెంట్ అయినవాడికి క్వార్టరుంది, ఆసుపత్రి ఉంది, పిలుపులున్నాయి. టెంపరరీవాడికి సైకిలుంది. పెళ్ళిసంబంధం దగ్గర్నుంచి పాలవాడి అప్పు దాకా మొదటి ప్రశ్న అదే. తొమ్మిదేళ్ళు టెంపరరీగా బతికినవాణ్ణి, క్వార్టరు తాళంచెవి చేతికొచ్చిన రోజున నేల మీద నడవలేదు. కొత్త చొక్కాలు కుట్టించాను. ఇంట్లో కుర్చీలు కొన్నాను. చుట్టూ అన్నీ కొత్తవయ్యాక, మిగిలిన పాతది మా ఆవిడ ముఖంలో కనపడింది.

ఆ ఏడు కార్తీకమాసంలో తెలుగువాళ్ళమందరం డిమ్నా చెరువు దగ్గర వనభోజనాలకి వెళ్ళాం. తిన్నాక ఫొటో. మగవాళ్ళు వెనక, ఆడవాళ్ళు ముందు. మా ఆవిడ మొదటి వరసలో అందరి మధ్యా నిలబడింది, ఆ రోజు పులిహోర కలిపింది తనే కాబట్టి అందరూ తనని మధ్యలోకి లాగారు. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. మా సెక్షన్ ఇంజనీరు గారి భార్య పక్కనే. నేను వెనక నుంచి వంగి, చెవిలో చెప్పినట్టుగా, "నువ్వు కొంచెం ఎనక్కి నిలబడు" అన్నాను.

తను వెనక్కి జరిగి ఒక పొడుగాటి ఆవిడ భుజం చాటుకి వెళ్ళింది. ఫొటో వచ్చాక చూస్తే అందులో మా ఆవిడది చీర అంచు, ఒక చెయ్యి ఉన్నాయి. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టాను. నేనున్నాను కదా అందులో.

ఆ తర్వాత ఒక వారం రోజులు మామూలుగానే ఉంది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "నా మొకం మీకు సిగ్గేటి?" అంది. కోపంగా కాదు, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు. లేదని గట్టిగా చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానంటే అబద్ధమని ఇద్దరికీ తెలిసిపోయింది.

ప్లాంటులో నాతో పనిచేసే బిహారీ ఒకాయన చెప్పాడు, కలకత్తా నుంచి ఒక డాక్టరు పదిహేను రోజులకోసారి ఊళ్ళో జుగ్సలాయి బజారుకి వస్తాడనీ, ముఖం మీద గుంటలకి సూదిమందు ఇచ్చి సమానం చేస్తాడనీ, తన మరదలికి చేశాడనీ. ఇప్పుడు దీన్ని ఫిల్లర్ అంటున్నారు. బిష్టుపూర్‌లో నడుస్తుంటే అద్దాల తలుపుల మీద రాసి కనపడుతోంది, మంగలి షాపు పక్కన మరో షాపులాగ. అప్పట్లో మాకు ఆ మాట తెలియదు. "చెహరా భర్నేవాలా డాక్టర్" అన్నాడు మా బిహారీ. ముఖం నింపే డాక్టరు. భర్ దో అన్న ఫోర్‌మన్ గొంతు నాకు గుర్తురావాలి కదా ఆ మాటకి. రాలేదు.

జుగ్సలాయిలో ఒక గోడౌను మీద మేడగది. మెట్లెక్కుతుంటే కింద బస్తాల్లోంచి జీలకర్ర వాసన. డాక్టరు నడివయసువాడు, తెల్లకోటు, మెత్తటి మాట. మా ఆవిడ ముఖాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండు రకాలున్నాయన్నాడు. ఒకటి ఇప్పుడిప్పుడే విదేశాల నుంచి వస్తోంది, ఆవుచర్మంలోంచి తీసిన పదార్థం. ముందు మోచేతి దగ్గర కొంచెం ఎక్కించి నెల రోజులు చూడాలి, పడితేనే ముఖానికి. పడినా ఆరునెలలకో ఏడాదికో ఒంట్లో కరిగిపోతుంది, మళ్ళీ వేయించుకోవాలి. రెండోది సిలికోన్. చిక్కటి నూనె. ఒక్కో మచ్చ కింద ఒక్కో చుక్క, మూడుసార్లు వస్తే చాలు, మళ్ళీ ఈ మెట్లెక్కే పనిలేదు.

"వో ఘుల్ జాయేగా. యే పర్మనెంట్" అన్నాడు, రెండు వేళ్ళు చూపిస్తూ. అది కరిగిపోతుంది, ఇది పర్మనెంట్.

నా చెవిలో ఆ ఒక్క మాటే పడింది.

సీసా చూపించాడు. దాని మీద కాగితం లేదు. ఒక చుక్క నా వేలి మీద వేశాడు. నీళ్ళలా తెల్లగా, వేళ్ళ మధ్య జారిపోతూ ఉంది. అది నాకు కొత్త కాదు. పోత అచ్చుకి అంటుకుపోకుండా మేం ఫౌండ్రీలో అచ్చులకి కొట్టే నూనె అచ్చం ఇలాగే ఉంటుంది. కాలదు, తుప్పు పట్టదు, వాసన రాదు. నా ఒళ్ళు పొంగిపోయింది. ఇది మా ప్లాంటు సరుకే కదా, దీంతో రోజూ చెయ్యి కడుక్కుంటున్నవాణ్ణే కదా అనుకున్నాను. ఇంకెవడైనా అయితే ఆ కాగితం లేని సీసా చూసి భయపడేవాడు. నేను దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నాను.

వారం రోజులు ఆలోచించి రమ్మన్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ బియ్యం ఏరుకుంటూ అంది.

"ఏయించాలంటే ఆ పోయేదే ఏయించండి. నప్పకపోతే దానంతటదే పోతాది కదా."

"మళ్ళీ మళ్ళీ ఏయించుకోవాలిగా?"

"ఏయించుకుందుం. లేపోతే మానెద్దుం. పోయేదైతే నాకు బయంలేదు."

"తొమ్మిదేళ్ళు టెంపరరీగా సచ్చినాను నేను. ఇంట్లోకీ టెంపరరీయేనేటి?"

"ఉజ్జోగం ఏరు, మొకం ఏరు కదండీ" అంది.

ఇంత పెద్ద మాట అంత చిన్నగా చెప్పింది.  నేనెప్పుడూ చేసే పనే చేశాను, అడ్డదారి పట్టాను. "అది ఆవుతోలు తెలుసా నీకు? ఆవుని కోసి, తోలు తీసి, ఉడికించి సేత్తారు. ఆ తోలు మొకంలో ఎట్టుకుని దీపం ఎట్టుకుంటావేటి?" అన్నాను.

చేతిలో బియ్యం ఆగిపోయాయి. మా ఆవిడ శుక్రవారం ఒంటిపూట ఉండే మనిషి. "ఆవుతోలా?" అంది. చేట పక్కన పెట్టి, "అయితే ఒద్దు లెండి" అంది.

నాకు ఆవు మీద అంత భక్తేమీ లేదు. చెప్పులు, బెల్టు, ఫౌండ్రీలో వేసుకునే తోలు ఏప్రాను, వేటికీ ఎప్పుడూ ఆలోచించలేదు. కరిగిపోయేది వద్దు, నిలిచేదే కావాలి అన్న నా పంతానికి ఆవిడ దేవుణ్ణి అడ్డం వేసుకున్నాను. ఇన్నేళ్ళలో నేనాడిన అబద్ధాలు చాలా ఉన్నాయి. ఇది అబద్ధం కూడా కాదు, నిజమే. అందుకే ఎక్కువ బాధపెడుతుంది.

మూడు ఆదివారాలు వెళ్ళాం. చాలా సన్నటి సూది. ఒక్కో మచ్చ కింద ఒక్కో చుక్క. మా ఆవిడ బల్ల అంచు పట్టుకుని పడుకునేది, అబ్బా అనేది కాదు. కళ్ళముందే పల్లాలు పైకి లేచి చెంపతో సమానం అయ్యేవి. నేను దగ్గరే నిలబడి, ఇక్కడొకటి వదిలేశారు, అక్కడొకటి మిగిలిపోయింది అని డాక్టరుకి చూపించేవాణ్ణి. ఇన్‌స్పెక్టర్ని కదా.

మూడో ఆదివారం చివర్లో, ఎడమ కనుబొమ్మ కొస పక్కన ఒక్కటి మిగిలింది. మిగతావాటికన్నా లోతైనది. డాక్టరు సూది అటు తిప్పగానే మా ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది ఒద్దు."

"ఇంతా చేసి ఈ ఒక్కటీ ఎందుకే?" అన్నాను. డాక్టరు కూడా నవ్వి, "ఏక్ హీ తో హై" అన్నాడు. ఒక్కటే కదా అని.

"ఉండనీండి" అంది. చెయ్యి తియ్యలేదు. కన్ను దగ్గర సూదికి భయపడింది అనుకున్నాను. మెట్లు దిగుతూ, కొంచెం ఓర్చుకుంటే పూర్తయ్యేది అని విసుక్కున్నాను కూడా. 

రెండు నెలల్లో వాపు పూర్తిగా తగ్గింది. ఏం చెప్పను, చాలా బాగుంది. నున్నటి ముఖం. క్వార్టర్లలో ఆడవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. సాక్చీలో స్టూడియోకి తీసుకెళ్ళి, ఒక్కదాన్నే కుర్చీలో కూచోబెట్టి, ఎదురుగా లైటు వేయించి ఫొటో తీయించాను. వనభోజనాల ఫొటో పక్కనే తగిలించాను. నా తప్పు సరిదిద్దుకున్నానని అప్పట్లో నా నమ్మకం. ఫొటోలో మా ఆవిడ నవ్వలేదు. స్టూడియోవాడు చెప్పలేదు కాబోలు అనుకున్నాను.

మా అత్త జంషెడ్‌పూర్‌లోనే మా బావమరిది దగ్గర, భుయ్యాడీహ్‌లో ఉండేది. సువర్ణరేఖ నది వైపు దిగే సందుల్లో వాళ్ళిల్లు. వాపు ఉన్నన్నాళ్ళూ జ్వరమని చెప్పి వెళ్ళలేదు మా ఆవిడ. తగ్గాక ఇద్దరం వెళ్ళాం. ఎప్పటిలాగే "అమ్మా" అంది మా ఆవిడ, ఎప్పటిలాగే మా అత్త చేతులు చాపింది. అప్పటికే ఆవిడకి చెవులు మందగిస్తున్నాయి, రెండుసార్లు పిలవాల్సొచ్చింది. వేళ్ళు చెంపల మీదకొచ్చి ఆగాయి. వెతికాయి. మళ్ళీ వెతికాయి.

"ఇదేటమ్మా, మొకం ఇలగయిపోనాది?"

"నీ అల్లుడు బాబు డాట్రుకి సూపించినారమ్మా. మచ్చలు నింపీసినారు."

"అమ్మోరిచ్చిన మచ్చలు మనుసులు నింపుతారేటి?" అంది. తర్వాత నేనున్నానని గుర్తొచ్చి, "బాగున్నాది బాబూ, సల్లగా ఉండండి" అంది. చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజంతా మళ్ళీ చాపలేదు. ముసలిదానికి ఏం తెలుసు అనుకున్నాను. దారి పొడుగునా అదే అన్నాను కూడా మా ఆవిడతో.

ఆ ముసలిదానికే ముందు తెలిసింది. రెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం కూతురి ముఖం తడుముతూ, దవడ కింద వేలు ఆపింది. "ఇక్కడ సింతపిక్కలాగ ఏటో ఉన్నాదే" అంది. మేమెవరం చూడలేదు. పైకేమీ కనపడదు. నేను వేలుపెట్టి నొక్కి చూశాను. ఉంది. గట్టిగా, లోపల, చర్మం కదులుతోంది గానీ అది కదలడంలేదు. నా వేలికి వెంటనే తెలిసిపోయింది, ఆ రకం గట్టితనం నాకు అలవాటే.

తర్వాత ఒకటొకటిగా తేలాయి. ఎండాకాలం వస్తే ముఖం ఎర్రగా కమిలి మండేది. మే నెలలో తడిగుడ్డ ముఖం మీద పరుచుకుని నేల మీద పడుకునేది. ఎడమ చెంపలోది కిందికి జారి దవడ బరువుగా వేలాడింది. ఒక కంటి కింద ఉబ్బి, ఎప్పుడూ ఏడ్చినట్టు కనపడేది. మచ్చల ముఖం మీద ఉన్న కళ అయినా మిగల్లేదు. అమ్మవారికి కోపం వచ్చిందని క్వార్టర్లలో అన్నారు. వాళ్ళని కసిరాను. నాకు అలాంటివి నమ్మకం లేదు. కానీ ఒకరోజు డ్యూటీకి వెళ్తూ దారిలో గుడి బయట సైకిలాపి, లోపలికి వెళ్ళకుండానే, తప్పు నాది, దాన్నేం చెయ్యకు అన్నాను. ఎవరితో అన్నానో తెలియదు.

డాక్టర్ని కొడదామని జుగ్సలాయి వెళ్ళాను. నిజంగా కొడదామనే, కూడా ఇద్దర్ని తీసుకుని. మేడగది నిండా ఎండుమిరపకాయల బస్తాలు. డాక్టరు ఖాళీ చేసి ఏడాది దాటిందట. ముగ్గురం తుమ్ముకుంటూ దిగివచ్చాం.

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ ఒకావిడ చూసింది. నెరిసిన జుట్టు, గట్టిమనిషి. చాలాసేపు నొక్కి చూసి, ఏం ఎక్కించారని అడిగింది. చెప్పాను. తీసెయ్యడం కుదరదంది. ఇసకలో నూనె పోస్తే ఇసకనీ నూనెనీ విడదీయగలమా, ఇదీ అంతే, కోస్తే కొత్త మచ్చలు పడతాయంది. మంట తగ్గడానికి మందు రాసిచ్చింది. నేనే వదలకుండా అడిగాను, అసలు ఇందులో మంచిదేదైనా ఉందా అని. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పాతరోజుల్లో మైనం కరిగించి ఎక్కించేవారట, అది గడ్డలు కట్టేది. తర్వాత ఈ నూనె వచ్చింది. కొందరు మనిషి పొట్టలోని కొవ్వే కొంచెం తీసి ముఖంలో పెడతారు, అందులో చాలాభాగం ఒళ్ళు తినేస్తుంది. ఈమధ్య వచ్చింది ఆవుచర్మం మందు. అది కొందరికి పడదు, అందుకే ముందు చేతికి వేసి చూస్తారు.

"అదీ సరిగ్గా నిలవదు" అంది. "కానీ నన్నడిగితే దాని మంచితనం అదే. పొరపాటు జరిగినా, కొన్నాళ్ళకి పోతుంది."

ఇదే మాట బియ్యం ఏరుకుంటూ మా ఆవిడ చెప్పింది. ఏ చదువూ లేకుండా చెప్పింది. నేను తల తిప్పి చూడలేకపోయాను.

"ఇది వేయించమని ఎవరు చెప్పారమ్మా నీకు?" అని డాక్టరమ్మ తననే సూటిగా అడిగింది.

"ఎవులూ సెప్పలేదమ్మా. నాకే సరదా పుట్టి ఏయించుకున్నాను" అంది మా ఆవిడ.

డాక్టరమ్మ మందలింపుగా ఏదో అంది. ఈవిడ తలొంచుకుని ఆ చివాట్లన్నీ తింది. నాకు రావలసినవి. కాదు, నేనే అని ఒక్క మాట అనడానికి నా నోరు రాలేదు. నన్ను నేను అసహ్యించుకున్న రోజులు లెక్కపెడితే ఆ రోజు మొదటిది.

ఆ తర్వాత తను వనభోజనాలకీ, పేరంటాలకీ రావడం మానేసింది. నేను రమ్మని బతిమాలేవాణ్ణి. "ఎందుకు లెండి" అనేది, పమిట కొంగు చెంప మీదికి లాక్కుంటూ. వెనక్కి నిలబడమని ఇప్పుడు ఎవరూ చెప్పక్కరలేకపోయింది.

ఎనభైల చివర్లో, వానాకాలం. మా బావమరిది కబురు పంపాడు, అమ్మ మంచం దిగడం లేదు, మూడురోజులైంది ఎవరు పెట్టినా గంజి మింగడం లేదు అని. అప్పటికి ఆవిడకి చెవులు పూర్తిగా పోయాయి. కళ్ళు లేవు, చెవులు లేవు, బుద్ధి కూడా అక్కడా ఇక్కడా తిరుగుతోంది. మనుషులతో మిగిలిన సంబంధం వేళ్ళే.

మధ్యాహ్నం చేరాం. మా ఆవిడ మంచం మీద కూచుని, అలవాటుగా "అమ్మా" అంది. వినపడదని తెలుసు, అయినా అంది. తల్లి చెయ్యి ఎత్తి తన చెంపకి ఆనించుకుంది. వేళ్ళు కదిలాయి. గడ్డలు, వాపు, జారిన చెంప. ఆ వేళ్ళు ఒక్కసారి వెనక్కి లాక్కున్నాయి.

"ఎవులే నువ్వు? ఇది నా కూతురు మొకం కాదు. నా కూతుర్ని పిలండి."

"నేనేనమ్మా" అంది మా ఆవిడ.

"నా కూతురికి అమ్మోరి మచ్చలున్నాయి. దాన్ని పిలండి. దాని సేతి గంజే తాగుతాను" అంటూ చేత్తో తోసేసింది. నేను గంజిగిన్నె పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను.  ఇంతకాలం ముఖం పాడైందని ఏడ్చాను. ఆ ముఖం ఈ ముసలావిడది కూడా అని నాకెప్పుడూ తట్టలేదు.

మా ఆవిడ ఏడవలేదు. తొందరపడలేదు కూడా. తల్లి కుడిచేతి చూపుడువేలు ఒక్కటీ పట్టుకుని, తన ఎడమ కనుబొమ్మ కొసకి తీసుకెళ్ళి, ఆ ఒక్క మచ్చలో పెట్టింది.

వేలు అందులో కూచుంది. కదలకుండా చాలాసేపు ఉంది. ముసలావిడ ముఖం మెల్లగా విప్పారింది.

"వొచ్చినావేటి తల్లీ" అంది. "ఇంత ఆలీసమేటి?"

నోరు తెరిచింది. మా ఆవిడ నా చేతిలోంచి గిన్నె తీసుకుని, ఒక్కో చెంచా పోసింది. గిన్నెడూ తాగింది. తాగినంతసేపూ ఆ వేలు అక్కణ్ణుంచి తియ్యలేదు.

తిరిగి వస్తుంటే వాన వెలిసింది. భుయ్యాడీహ్ సందులు ఇరుకు, ఇద్దరు పక్కపక్కన నడవడానికి ఉండదు. నేను ముందు, తను వెనక. కొంతదూరం వచ్చాక, వెనక్కి తిరక్కుండానే అడిగాను.

"ఆ రోజు అది ఇందుకే ఉంచినావేటి?"

"మరి? మీరు అన్నీ నింపించేత్తామన్నారు. ఒకటైనా అమ్మకి ఉంచాల కదా" అంది.

అంటే ఆ బల్ల మీద పడుకున్నప్పుడే తనకి అంతా తెలుసు. నేను దేన్ని తీసేయిస్తున్నానో, ఎవరి దగ్గర్నుంచి తీసేయిస్తున్నానో తెలుసు. తెలిసి, నా కోసం అన్నీ ఇచ్చేసి, వాళ్ళమ్మ కోసం ఒక్కటి అరచేతి కింద దాచుకుంది. దాని మీద కూడా నేను విసుక్కున్నాను.

ఆగిపోయాను. "ఎనకెందుకు, ఇలా పక్కకి రా" అన్నాను.

"సైకిళ్ళొత్తన్నాయి, ఇద్దరం పట్టం" అంది. "మీరు నడండి."